దండారికి చేరని జవాబు

(శ్రీ కొండబత్తిని బాలమల్లు గారి పదవీ విరమణ సందర్భంగా)

1990వ సంవత్సరం ఆగస్టు నెల పదహారవ తేదీ, గురువారం ఉదయం పది గంటల వేళ, మంచిర్యాలలోని గోదావరి ప్రాంత ప్రజారోగ్య పరిశోధన కేంద్రంలో క్షేత్ర సహాయకునిగా హాజరు పట్టికలో మొదటి సంతకం చేసిన శ్రీ కొండబత్తిని బాలమల్లు గారు, ముప్పై నాలుగు సంవత్సరాల పదిన్నర నెలల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ 2025 జూన్ ముప్పైన అదే పట్టికలో చివరి సంతకం చేసి విశ్రాంత జీవితంలోకి అడుగిడుతున్నారు. ఇటువంటి శుభ సందర్భాల్లో విరమణ పొందే పెద్దల సద్గుణాలను ఒక్కొక్కటిగా ఏరి దండ గుచ్చడం ఆనవాయితీ. ఆ దండకు కావలసిన పూలకు బాలమల్లు గారి వద్ద కొరత కూడా లేదు. అయితే ఈ ప్రత్యేక సంచికకు వ్యాసం రాసే బాధ్యతను సంపాదకవర్గం ప్రయోగశాల వారికి అప్పగించిందని తెలియగానే ఆయన స్వయంగా మెట్లు దిగి వచ్చి, "పద్మలతమ్మా, అన్ని మంచియే రాయకు. మాన్కుగూడ ముచ్చట రాయి. అది లేకుంటె నా సర్వీసంత అబద్ధం రాసినట్టె" అన్నారు. ఆ మాటను మన్నించి, ఆయన కోరిన తీరులోనే ఈ నాలుగు మాటలు సాగుతున్నాయి.

బాలమల్లు గారు కరీంనగర్ జిల్లా గర్షకుర్తిలో, మరమగ్గాల మోత మధ్య పుట్టి పెరిగారు. తండ్రి లచ్చయ్య గారు కూలికి మగ్గం నడిపేవారు, తల్లి కనకవ్వ గారు కండెలు చుట్టేవారు. డిగ్రీ చదివే రోజుల్లో కూడా సెలవు వస్తే చాలు, మన బాలమల్లు గారు పుస్తకం మూసి మగ్గం దగ్గర నిలబడేవారట. "పోగు తెగుడు తప్పు కాదు బిడ్డా. తెగింది చూసి గూడ మగ్గం ఆపకపోవుడు తప్పు" అని తండ్రి చెప్పిన మాటను ఆయన మాకు ఎన్ని వందల సార్లు వినిపించారో లెక్కలేదు. మొదట్లో మేము దానిని నేతపని వారి సామెతగా విని ఊరుకునేవాళ్లం. తర్వాత ఆ మాట ఆయన నోట వచ్చినప్పుడు తలవంచుకోవడం నేర్చుకున్నాం.

ఉద్యోగంలో చేరిన తొలి దశాబ్దం మలేరియా, బోదకాలు సర్వేలతో గడిచింది. తిర్యాణి, ఆసిఫాబాద్, ఉట్నూర్ వైపు గూడేలకు సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, ఏ గోండు ఇంటి అరుగు మీద కూర్చుంటే ఆ ఇంటి భాష పట్టుకుని, రెండేళ్లలో గోండిలో నవ్వించేటంత, మూడేళ్లలో పోట్లాడేటంత నేర్పు సంపాదించారు. గోండుల ఇంటిపేర్లు నాలుగు దేవుళ్లవారు, అయిదు దేవుళ్లవారు, ఆరు దేవుళ్లవారు, ఏడు దేవుళ్లవారు అని విడివడి ఉంటాయి. ఒక ముసలమ్మ ఈయనను "నీది ఎన్ని దేవుళ్ల ఇల్లు?" అని అడిగితే, ఇంట్లో గోడకు ఉన్న పటాలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి "పదకొండు" అన్నారట. ఆ గూడెంలో ఆయనకు చాలాకాలం పదకొండు దేవుళ్ల సారు అనే పేరు నిలిచిపోయింది. 1993లో శ్రీమతి సరోజన గారితో వివాహమూ, 1999లో ఆరోగ్య బోధకునిగా పదోన్నతీ ఆ దశాబ్దంలోని శుభవార్తలు.

2003వ సంవత్సరం చివర మా కేంద్రం సికిల్ సెల్ వ్యాధిపై అధ్యయనం చేపట్టింది. రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయి, ఒళ్లంతా నొప్పులతో పిల్లలను కుంగదీసే ఈ వ్యాధి తల్లిదండ్రుల నుంచి సంక్రమిస్తుంది. తల్లి తరపు సగం, తండ్రి తరపు సగం దోషం కలిస్తేనే బిడ్డకు పూర్తి వ్యాధి వస్తుంది. సగం దోషం ఉన్నవారు మాత్రం చూడడానికి ఏ లోపమూ లేకుండా ఆరోగ్యంగా ఉంటారు కనుక, పరీక్ష చేస్తే తప్ప వారికే తెలియదు. ఆదివాసులు రక్తం ఇవ్వరని, సూది చూస్తే అడవిలోకి పోతారని అధికారులలో గట్టి నమ్మకం ఉండేది. బాలమల్లు గారు ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి, సూదులూ పెట్టెలూ లేకుండా ఒట్టి చేతులతో తిర్యాణి కొండల కింద ఉన్న మాన్కుగూడకు వెళ్లి, ఊరి పెద్ద కుంర మాన్కు పటేల్ ఇంటి ముందు నాలుగు రోజులు కూర్చుని, గూడెమంతటికీ వారి భాషలోనే ఈ సగం, సగం లెక్క చెప్పారు.

పటేల్ అంతా విని రెండే ప్రశ్నలు వేశారు.

"మల్లు సారూ, సగమోల్లు సగమోల్లు లగ్గం చేస్కుంటెనే పిల్లలకు కష్టమంటవు. గంతేనా?"

"గంతే పటేలా."

"మరి మా గూడెంల ఎవలు సగమోల్లో నువ్వు మల్ల వచ్చి చెప్తవా? ఎప్పుడు చెప్తవు?"

బాలమల్లు గారు, "వచ్చే దండారిలోగ చెప్త" అన్నారు.

దండారి అంటే ఏమిటో మన కార్యాలయంలో పనిచేసేవారికి వివరించనక్కరలేదు గాని, కుటుంబ సభ్యుల కోసం ఒక మాట. దీపావళి రోజుల్లో ఒక గూడెం వారు నెమలి ఈకల టోపీల గుస్సాడీ ఆటగాళ్లతో, డప్పులతో మరొక గూడేనికి అతిథులుగా వెళతారు. వచ్చినవారికి మర్యాద చేయడం ఎంత ముఖ్యమో, మళ్లీ వారి గూడేనికి వెళ్లి ఆ రాకను తీర్చుకోవడం అంత ముఖ్యం. ఆ రాకపోకల్లోనే పిల్లా పిల్లవాడి సంబంధాలు మాట్లాడుకుంటారు, లగ్గాలు వేసవిలో చేస్తారు. కాబట్టి దండారిలోగా అనే మాట పటేల్ చెవికి చాలా బరువైన మాట. అది విన్నాక ఆయన మరేమీ అడగక, మా వారు సూదులతో వచ్చిన రోజున అందరికంటే ముందు తన చేయి చాచారు. రెండు రోజుల్లో నూట ఎనభై ఏడుగురు రక్తం ఇచ్చారు. ఆ సంవత్సరపు నివేదికలో ఇది అపూర్వ స్పందనగా నమోదైంది.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది. అధ్యయన నిబంధనల ప్రకారం ప్రతి రక్తపు గొట్టం మీద పేరు బదులు ఒక సంఖ్య అంటించాలి. ఏ సంఖ్య ఎవరిదో తెలిపే జాబితాను కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, రాజధానిలోని ప్రధాన కార్యాలయానికి పంపాలి. వ్యక్తుల గోప్యతను కాపాడటం కోసమే ఆ నిబంధన, దానిలో దురుద్దేశం ఏమీ లేదు. మా యంత్రం నూట ఎనభై ఏడు ఫలితాలూ చెప్పింది. ముప్పై నాలుగు మందిలో సగం దోషం ఉందని తేలింది. ఆ ముప్పై నాలుగు మంది ఎవరో మాత్రం మంచిర్యాలలో ఎవరికీ తెలియదు. ఆ కవరుకు లక్క వేసిన చేతులే ఈ వ్యాసం రాస్తున్నాయి. వేసే ముందు ఒక్క నకలు తీసి ఉంచాలన్న ఆలోచన ఆ చేతులకు రాలేదు.

జాబితా తిరిగి పంపవలసిందని బాలమల్లు గారు పదకొండు ఉత్తరాలు రాశారు. 2004 సెప్టెంబరులో, అంటే దండారికి రెండు నెలల ముందు, ఒకే ఒక్క వాక్యంతో సమాధానం వచ్చింది. పరిశోధన నిమిత్తం సేకరించిన నమూనాల ఫలితాలను వ్యక్తులకు తెలియజేయు నిబంధన లేదు. అప్పటి మా అధికారి ఆ కాగితాన్ని దస్త్రంలో పెట్టించి, ఇక ఆ సంగతి వదిలేయమన్నారు. బాలమల్లు గారు వదిలేశారు. దండారి వచ్చింది, వెళ్లింది. ఆయన మాన్కుగూడకు వెళ్లలేదు. 2005 జనవరిలో బోదకాలు సర్వే కోసం కరీంనగర్ పంపించమని తానే అర్జీ పెట్టుకుని వెళ్లిపోయారు. చేతిలో జవాబు లేకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్లాలన్న సిగ్గే తప్ప మరొక కారణం లేదని ఆయన తర్వాత వందమంది ఎదుట ఒప్పుకున్నారు కనుక, ఇక్కడ దానిని దాచడంలో అర్థం లేదు.

తరువాతి అయిదారేళ్లు ఆ చుట్టుపక్కల ఏ గూడేనికి మా వారు వెళ్లినా ఒక్క చుక్క రక్తం దొరకలేదు. వార్షిక నివేదికల్లో "ఆదివాసీ సమాజాల్లో పరిశోధన పట్ల విముఖత" అన్న వాక్యం ఏటా యథాతథంగా అచ్చయ్యేది. ఆ వాక్యాన్ని మేమే టైపు చేశాం, మేమే తప్పులు దిద్దాం, చదివి తల ఊపాం.

2011 ఫిబ్రవరిలో డాక్టర్ మమతారాణి గారు కేంద్రానికి అధిపతిగా వచ్చి, పాత దస్త్రాలు తిరగేసి, "ఒక గూడెంలో నూట ఎనభై ఏడు మందితో రక్తం ఇప్పించిన మనిషి ఎక్కడున్నారు?" అని అడిగారు. అలా బాలమల్లు గారు మంచిర్యాలకు తిరిగి వచ్చారు. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, ప్రయోగశాల నుంచి ఒకరిని తోడు తీసుకుని, నమూనాల పెట్టె జీపులో పెట్టుకుని, ఏడేళ్ల తర్వాత మాన్కుగూడకు బయలుదేరారు. దారి పొడవునా ఆయన జీపు బయటికే చూస్తూ కూర్చున్నారు. తిట్లు తినడానికి మనసును సిద్ధం చేసుకుంటున్నారని తోడు వెళ్లిన మనిషి అనుకుంది.

మాన్కు పటేల్‌కు అప్పటికే చూపు మందగించింది. రాం రాం అన్న గొంతు విని, మంచం మీద నుంచి లేచి, తడుముకుంటూ వచ్చి బాలమల్లు గారి రెండు భుజాలూ పట్టుకున్నారు.

"బతికే ఉన్నవా సారూ?"

ఎత్తిపొడుపు అనుకుని బాలమల్లు గారు తలవంచుకున్నారు. పటేల్ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"దండారికి వస్తనంటివి, రాలే. మాట ఇచ్చినోడు రాలేదంటె పానం మీదికి వచ్చిందనుకున్నం. ఎవలినన్న అడుగుదమంటె మీ ఊరి పేరు తెల్వకపాయె. నీ దినాలకు గూడ రాకపోతిమని మస్తు రంది పడ్డం."

ఎవరో కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టారు. బాలమల్లు గారు ఆ చెంబు ముట్టలేకపోయారు. పటేల్ మంచం మీద కూర్చుని, మనిషి దక్కాడన్న సంతోషంలో మిగిలిన సంగతులు కూడా చెప్పుకుంటూ పోయారు.

"రెండు ఎండకాలాలు లగ్గాలు ఆపిన సారూ. తొమ్మిది సంబంధాలు. నువ్వే చెప్తివి గద, సగం సగం కలవద్దని. సారు జవాబు తేనియ్యిండ్రి, అటెంక చేద్దమన్న. పోరగాండ్లు నన్ను తిట్టిండ్రు. పక్క గూడేలోల్లు నవ్విండ్రు. మూడో ఏడు ఇగ ఆపలేకపోయిన. తొమ్మిది లగ్గాలు ఒక్కటే ఎండకాలం అయినయి."

ఆదివాసులు పరిశోధనను నమ్మరని మేము ఏటా అచ్చు వేసుకుంటున్న కాలంలో, ఒక గూడెం మా మాట మీద రెండేళ్లు పెళ్లిళ్లు ఆపుకుని కూర్చుంది. వైద్య శాస్త్రాన్ని అంతగా నమ్మినవారు మా కేంద్రంలోనే లేరేమో.

అరుగు చివర పటేల్ మనవరాలు లేతుబాయి కూర్చుని ఉంది. ఆ తొమ్మిది మంది పెళ్లికూతుళ్లలో ఆమె ఒకతె. ఒడిలో నాలుగేళ్ల కొడుకు భీము. పిల్లవాడి చేతులూ పాదాలూ వాచి ఉన్నాయి, కళ్లు పచ్చబడి ఉన్నాయి. ఎక్కడ ముట్టుకున్నా ఏడుస్తున్నాడు. అది ఏ వ్యాధో చెప్పడానికి యంత్రం అవసరం లేదు. లేతుబాయి నిందించలేదు, గొంతు పెంచలేదు.

"సారూ, గప్పుడు నా రక్తం ఏం చెప్పింది?" అని మాత్రం అడిగింది.

సంఖ్యల జాబితాను నిబంధనల ప్రకారం అయిదేళ్లు నిండగానే, 2008లో, ప్రధాన కార్యాలయంలో నాశనం చేశారు.

బాలమల్లు గారు గూడెమంతటినీ పిలవమన్నారు. పొద్దు వాలకముందే దాదాపు వందమంది కూడారు. ఆయన నిలబడి గోండిలో మొదలుపెట్టారు గాని, రెండో మాటకే తెలుగులోకి వచ్చేశారు.

"నేను సావలే పటేలా. నాకు ఏం కాలే. కరీంనగర్‌ల మంచిగనే ఉన్న. జవాబు రాదని నాకు దండారికి ముందే ఎరుక. మీకు మొహం చూపెట్ట శరమయ్యి రాలే. వచ్చి, రాదని ఒక్క మాట చెప్తె అయిపోవు. మీరు ఆగకపోదురు, ఇంకోతాన పరీక్ష చేపిచ్చుకుందురు. తప్పు సర్కారుది కాదు, కాయితానిది కాదు. నాది."

పటేలే, "తప్పయితె అయ్యింది. సావు అయితె కాలే గద" అన్నారు. ఆ రోజు నమూనాల పెట్టె తెరవకుండానే జీపు తిరిగి వచ్చింది. ఆసిఫాబాద్ దాటిన తర్వాత బాలమల్లు గారు నోరు విప్పి, "పోగు తెగింది చూసిన. మగ్గం ఆపలే" అన్నారు. పక్కన కూర్చున్న మనిషికి తన చేతుల వైపు చూసుకునే ధైర్యం కూడా లేకపోయింది.

ఆ తర్వాతి పద్నాలుగేళ్లలో బాలమల్లు గారు సాధించినవన్నీ ఆ ఒక్క మధ్యాహ్నం నుంచి పుట్టినవే. ఫలితం ఎవరిదో వారికి పేరు పెట్టి చెప్పే ఏర్పాటు ముందుగా రాతపూర్వకంగా ఉంటే తప్ప తాను ఏ గూడెంలోనూ ఒక్కరిని కూడా అడగనని ఆయన డాక్టర్ మమతారాణి గారికి కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ ఏర్పాటు కోసం మేడమ్ ప్రధాన కార్యాలయంతో ఏడు నెలలు పోరాడి, గెలిచారు. నాటి నుంచి మా కేంద్రంలో అంగీకార పత్రం గూడెం పెద్దల సమక్షంలో వారి భాషలో చదివి వినిపించాకే ఒక్కొక్కరి సమ్మతి తీసుకుంటున్నాం. జవాబు చెప్పే తేదీని మేము కాదు, గూడెం వారే నిర్ణయిస్తారు. ఆ తేదీకి జవాబు అందకపోతే, అందలేదని చెప్పడానికైనా ఆ రోజు మనిషి వెళ్లి తీరాలి. ఆయన పర్యటన దినచర్య పుస్తకంలో "పర్యటన కారణం: జవాబు రాలేదని చెప్పుట" అని ఎన్ని చోట్ల ఉందో! తనిఖీకి వచ్చిన ఒక పై అధికారి ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టి వెళ్లారు. మరుసటి నెలలో అదే వాక్యం మూడుసార్లు కనిపించింది.

2011 దండారి ముగియగానే మాన్కుగూడ వారు మళ్లీ చేతులు చాచారు, ఈసారి కూడా పటేలే ముందు. నలభై మూడో రోజున బాలమల్లు గారు ఇంటింటికీ తిరిగి జవాబులు చెప్పారు. ఆ తొమ్మిది జంటల్లో రెండు జంటల్లో ఇద్దరికీ సగం దోషం ఉందని తేలింది. లేతుబాయికీ, ఆమె భర్తకూ ఉంది. 2003లోనే మా యంత్రానికి తెలిసిన మాట ఎనిమిదేళ్లు ఆలస్యంగా ఆమె గడప తొక్కింది. రెండో బిడ్డ విషయంలో ఆమె ముందుగా పరీక్షలు చేయించుకుని, ఆరోగ్యవంతురాలైన ఆడపిల్లను కన్నది. భీముకు మందులు అందినంత కాలం అందాయి. 2016 జనవరి చలిలో, తొమ్మిదో ఏట, ఆ పిల్లవాడు కన్నుమూశాడు. మాన్కు పటేల్ అంతకు మూడేళ్ల ముందే కాలం చేశారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో బాలమల్లు గారు జ్వరానికి గాని, శుభకార్యానికి గాని వరుసగా మూడు రోజులు సెలవు పెట్టి ఎరగరు. ఆ జనవరిలో పెట్టారు.

2011 తర్వాత మొత్తం యాభై ఎనిమిది గూడేలు, ఆరువేల నాలుగు వందల పైచిలుకు మనుషులు ఆయన మాట మీద పరిశోధనలో పాలుపంచుకుని, అందరూ తమ జవాబు తాము విన్నారు. ఇతర జిల్లాల వారు వచ్చి ఈ పద్ధతి నేర్చుకుని వెళుతున్నారు. 2019లో ఉత్తమ సేవా పురస్కారానికి ఆయన పేరు ప్రతిపాదించినప్పుడు, దరఖాస్తులో ముఖ్య విజయాలు అన్న గడిలో ఆయన స్వదస్తూరీతో "మాన్కుగూడ, 2003. జవాబు ఇవ్వలేదు" అని రాసి పంపించారు. పురస్కారం రాలేదని వేరే చెప్పాలా?

ఆయనతో పనిచేయడం అంత సుఖమైన వ్యవహారం కాదని కూడా ఈ సందర్భంగా రికార్డు చేయాలి. "చూద్దాం లెండి" అన్నవారిని ఆయన బతకనివ్వలేదు. ఏ గదిలో ఎవరు ఆ మాట అన్నా తలుపు దగ్గర నుంచి "ఏ తారీకు?" అన్న గొంతు వినిపించేది. క్యాంటీన్‌లో టీ ఆలస్యమైనా అదే ప్రశ్న, అల్లుడు పండక్కి వస్తానన్నా అదే ప్రశ్న అని శ్రీమతి సరోజన గారి ఫిర్యాదు. మేము చాటున నవ్వుకున్నాం, విసుక్కున్నాం. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవారు మాత్రం నవ్వలేదు.

విరమణకు వారం రోజులు ఉందనగా ఆయన ఆఖరి పర్యటనకు అనుమతి కోరారు. దినచర్యలో కారణం గడిలో "ఇక రానని చెప్పుట" అని రాశారు. అన్ని గూడేలకూ వెళ్లలేకపోయినా మాన్కుగూడకు మాత్రం వెళ్లి తీరాలన్నారు. చెప్పకుండా మానేస్తే తాను పోయానని వాళ్లు మళ్లీ రంది పడతారని ఆయన భయం. లేతుబాయి ఇప్పుడు ఆ గూడెం ఆశా కార్యకర్త. పటేల్ కూర్చునే అరుగు మీదే బాలమల్లు గారిని కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఈసారి ఆయన కాళ్లు కడుక్కున్నారు.

"ముప్పై తారీకు నాడు కొలువు దిగుతున్న బిడ్డా. ఇగ జీపు రాదు. నేను రాకుంటె ఏదో అయ్యిందనుకోకుండ్రి" అన్నారు.

"కొలువు దిగితె దిగు సారూ. దండారికయితె రా" అంది లేతుబాయి.

"వస్త బిడ్డా, వీలు చూస్కొని..."

"ఏ తారీకు?"

పద్నాలుగేళ్లుగా అందరినీ అడిగిన ప్రశ్న తన మీదికే వచ్చింది. ఆయన జేబులోంచి చిన్న క్యాలెండరు తీసి, కళ్లజోడు సరిచేసుకుని, దీపావళికి మూడు రోజుల ముందు, అక్టోబరు పదిహేడు, శుక్రవారం అని చెప్పారు. లేతుబాయి లోపలికి వెళ్లి బొగ్గు తెచ్చి, తలుపు పక్కన గోడ మీద ఆ తేదీ రాసుకుంది.

సహోద్యోగులందరి పక్షాన బాలమల్లు గారికి, శ్రీమతి సరోజన గారికి ఆయురారోగ్యాలు, కంటినిండా నిద్ర, మనుమల ఆటపాటలు సమృద్ధిగా లభించాలని మనసారా కోరుకుంటున్నాం. ఆ శుక్రవారం నాడు, ఆ పైన వచ్చే ప్రతి దండారి నాడు కొండ కింద దారి నడిచేందుకు ఆయన మోకాళ్లలో సత్తువ మిగలాలి. మాన్కుగూడలో ఆయన కోసం ఎవరూ మరొక్కసారి రంది పడకుండా ఆయన నిండు నూరేళ్లు బతకాలి.

— పద్మలత,
ప్రయోగశాల పర్యవేక్షకురాలు